గాలిలో వేలాడే తలుపు: రోమ్ శిథిలాలను చదవడం ఎలా?

రోమ్ ఫోరమ్‌లో, అంటే పాత రోమ్ నడిబొడ్డున గుడులూ సభామందిరాలూ ఉన్న మైదానంలో, ఒక పాత గుడి ఉంది. ముందు వైపు ఆకుపచ్చ చారల పాలరాతి స్తంభాలు, ఒక్కోటి 17 మీటర్ల ఎత్తు. వాటి వెనక ఒక చర్చి ముఖం, ఆ చర్చికి ఒక తలుపు. తలుపు కింద మెట్టు లేదు, అరుగు లేదు. అడుగున ఉన్న పాత మెట్ల వరసకు సుమారు ఆరు మీటర్ల పైన, గోడకు తగిలించినట్టు ఉంటుంది. ఎవరైనా లోపలి నుంచి తీసి అడుగు బయట పెడితే నేరుగా రాళ్ల మీద పడతారు.

మొదటిసారి వెళ్లినప్పుడు నేను దాన్ని ఫోటో తీసుకుని ముందుకు నడిచాను. ఎండ, జనం, చేతిలో మ్యాపు. ఇది శాటర్న్ గుడి, అది కాస్టర్ గుడి, ఆ దిబ్బ సీజర్‌ను దహనం చేసిన చోటు అని పేర్లు చదువుకుంటూ రెండు గంటలు తిరిగాను. సాయంత్రానికి ఒక్కటీ మనసులో నిలవలేదు. మూడు స్తంభాలు ఒకచోట, ఎనిమిది ఇంకోచోట, మధ్యలో ఇటుక మొండి గోడలు. ఇటలీ వెళ్లొచ్చిన మనవాళ్లు చాలామంది "ఫోరమ్‌లో ఏముంది, రాళ్లే కదా" అంటుంటే విన్నాను. వాళ్లను తప్పుపట్టలేను. పద్నాలుగు వందల ఏళ్ల కట్టడాలనూ, ఇంకో పద్నాలుగు వందల ఏళ్ల కూల్చివేతనూ ఒకే చోట కలగలిపి చూపిస్తే ఎవరికైనా తల తిరుగుతుంది.

రెండోసారి వెళ్లినప్పుడు ఆ తలుపు సంగతి అర్థమైంది. అక్కడి నుంచి మిగతావన్నీ ఒక్కొక్కటిగా విడివడ్డాయి. అప్పటి నుంచి నేను ఏ శిథిలం ముందు నిలబడినా "దీన్ని ఎవరు, ఎప్పుడు కట్టారు?" అన్న ప్రశ్నను వెనక్కి నెట్టి, "ఇది ఎందుకు మిగిలింది, దీని పక్కది ఎందుకు పోయింది?" అని ముందు అడుగుతున్నాను. ఫోరమ్ మాట్లాడేది ఈ ప్రశ్నకే.

ముందు ఆ గుడి. క్రీ.శ. 141లో చక్రవర్తి ఆంటోనినస్ పయస్, చనిపోయిన తన భార్య ఫాస్టినా పేరు మీద దాన్ని మొదలుపెట్టాడు. 161లో ఆయనా పోయాక ఆయన పేరు కూడా చేర్చారు. ముందు భాగంలోని శాసనం చూస్తే ఆ చేర్పు ఇప్పటికీ కనిపిస్తుంది. కింది వరసలో "దివ్య ఫాస్టినాకు, సెనేట్ ఆజ్ఞతో" అని ముందే చెక్కి ఉంది. ఇరవై ఏళ్ల తర్వాత పైన ఖాళీగా ఉన్న పట్టీలో "దివ్య ఆంటోనినస్‌కు, ఇంకా" అని చెక్కారు. ఆ "ఇంకా" అన్న చిన్న మాటే పై వరసను కింది వరసకు కలిపింది. భార్య పేరున్న గుడిలోకి భర్త తర్వాత వచ్చి చేరాడు.

మధ్యయుగంలో అది శాన్ లొరెంజో ఇన్ మిరాండా అనే చర్చి అయింది. 15వ శతాబ్దంలో పోప్ దాన్ని మందుల వర్తకుల సంఘానికి ఇచ్చాడు. ఇప్పుడు కనిపించే చర్చి ముఖం 1602 నాటిది. దాన్ని కట్టినవాళ్లు తలుపును నేల మట్టానికే పెట్టారు. ఆ రోజు నేల అంత ఎత్తున ఉండేది. 19వ శతాబ్దంలో పురావస్తు తవ్వకాలు జరిపి, పూడిక తీసి, పాత రోమన్ల నేల దాకా దిగారు. కింద మెట్లు బయటపడ్డాయి, పైన తలుపు అలాగే ఉండిపోయింది. అంటే ఆ ఆరు మీటర్ల ఖాళీలో వెయ్యేళ్లకు పైగా పేరుకున్న మట్టి ఉండేది. ఇప్పుడు మనం దాని అడుగున నడుస్తున్నాం.

అంత మట్టి ఎక్కడి నుంచి వచ్చింది? ఫోరమ్ ఉన్నది కొండల మధ్య పల్లంలో. మొదట అది చిత్తడి నేల. క్రీ.పూ. 6వ శతాబ్దంలో, రాజుల కాలంలో, క్లోయాకా మాక్సిమా అనే పెద్ద కాలువ తవ్వి ఆ నీటిని టైబర్ నదిలోకి మళ్లించారని రోమన్ల సంప్రదాయం చెబుతుంది. ఆ పల్లాన్ని పొడిగా ఉంచాలంటే ఎవరో ఒకరు ఎప్పుడూ కనిపెట్టుకుని ఉండాలి. నగరం బలంగా ఉన్నన్నాళ్లు పూడిక తీసే చేతులున్నాయి. ఆ తర్వాత లేవు. టైబర్ వరద ఒండ్రు, కొండల మీంచి జారిన మన్ను, కూలిన గోడల చెత్త, ఊరి చెత్త అన్నీ పల్లంలోకే చేరాయి. చివరికి ఆ చోటికి "కాంపో వాచినో" అని పేరు వచ్చింది. ఆవుల మైదానం అని అర్థం. సెనేటర్లు నడిచిన నేల మీద పశువుల సంత జరిగేది. సెప్టిమియస్ సెవెరస్ విజయతోరణం సగం దాకా మట్టిలో కూరుకుపోయి ఉండడం 18వ శతాబ్దపు చిత్రాల్లో కనిపిస్తుంది.

ఈ మట్టి పొరల సంగతి కంటితో కాక కాళ్లతో అర్థం చేసుకోవాలంటే కొలోసియానికి కాస్త దూరంలో ఉన్న శాన్ క్లెమెంటే చర్చికి వెళ్లాలి. పైన 12వ శతాబ్దపు చర్చి. మెట్లు దిగితే 4వ శతాబ్దపు చర్చి. ఇంకా దిగితే 1వ శతాబ్దపు ఇళ్లూ, ఇరుకు సందూ, మిత్ర దేవుడి పూజాగృహం. 1857లో ఆ చర్చి మఠానికి చెందిన ఐరిష్ సన్యాసి జోసెఫ్ ములూలీ తవ్వకం మొదలుపెట్టే దాకా కింది పొరలు లోకానికి తెలియవు. అడుగున గోడ వెనక నీళ్లు పారుతున్న చప్పుడు ఇప్పటికీ వినిపిస్తుంది. ఓపిక లేనివాళ్లు శాన్ జొవాన్ని మెట్రో స్టేషన్‌లో దిగినా చాలు. 2018లో తెరిచిన ఆ స్టేషన్‌లో కిందికి వెళుతున్న కొద్దీ ఏ లోతు ఏ శతాబ్దమో గోడల మీదే చూపించారు.

పూడిక సంగతి తేలింది. మరి పైన ఉన్న కట్టడాలన్నీ ఏమయ్యాయి?

మనం బడిలో చదువుకున్నది అనాగరిక తెగలు వచ్చి రోమ్‌ను నేలమట్టం చేశాయని. 410లో అలరిక్ నాయకత్వాన గోత్ తెగవాళ్లు మూడు రోజులు దోచారు. 455లో వాండల్ తెగవాళ్లు రెండు వారాలు దోచారు. దోపిడీ నిజం, ప్రాణనష్టం నిజం. కానీ దోపిడీదారుడికి కావలసింది బంగారం, వెండి, కంచు, బందీలు. పదిహేడు మీటర్ల రాతి స్తంభాన్ని ఓడకెత్తుకుని పోడు. రోమ్‌ను విడగొట్టింది ఎక్కువగా రోమ్‌వాళ్లే. ఇది నిందగా చెప్పడం లేదు. ఎందుకు విడగొట్టారో చూస్తే వాళ్లకు వేరే దారి పెద్దగా లేదు.

మొదటి చక్రవర్తి ఆగస్టస్ కాలంలో ఆ నగర జనాభా పది లక్షలని అంచనా. 537లో గోత్ తెగవాళ్లు ముట్టడి వేసి, నగరానికి నీరు తెచ్చే కాలువ వంతెనలను తెంపేశారు. ఆ యుద్ధాలన్నీ ముగిసేసరికి ఊళ్లో మిగిలింది కొన్ని పదుల వేల మంది. పది లక్షల మంది కోసం కట్టిన స్నానశాలలు, సభామందిరాలు, గుడులు అన్నీ ఖాళీ. కప్పు కారుతుంది, బాగుచేసే డబ్బు లేదు, గనుల నుంచి కొత్త రాయి తెచ్చే ఏర్పాటు లేదు. ఇంటి గోడ పడితే ఎదురుగా ఉన్న పెద్ద గుడే రాళ్ల కొట్టు.

ఇది అప్పటికి కొత్త అలవాటు కూడా కాదు. 458లోనే, అంటే పశ్చిమ సామ్రాజ్యం ఇంకా బతికి ఉండగానే, చక్రవర్తి మయోరియన్ ఒక చట్టం చేశాడు. పాత ప్రభుత్వ కట్టడాలను పడగొట్టి రాయి తీసుకోకూడదు. అనుమతి ఇచ్చిన అధికారికి 50 పౌండ్ల బంగారం జరిమానా. మాట విని పని కానిచ్చిన కింది ఉద్యోగులకు కొరడా దెబ్బలు, చేతుల నరికివేత. శిక్ష అంత క్రూరంగా ఉందంటే ఆ పని అప్పటికే ఎంత మామూలైపోయిందో ఊహించవచ్చు.

రాయిని రాయిగా వాడుకోవడం ఒక ఎత్తు. సున్నం కోసం కాల్చడం ఇంకో ఎత్తు. ఫోరమ్‌లో నన్ను ఎక్కువగా బాధపెట్టే సంగతి ఇదే, కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుతాను.

పాలరాయి రసాయన స్వభావం సున్నపురాయిదే. బట్టీలో వేసి తొమ్మిది వందల డిగ్రీల దాకా కాలిస్తే బొగ్గుపులుసు గాలి పోయి పొడి సున్నం మిగులుతుంది. దానికి నీళ్లు చల్లి, ఇసుక కలిపితే గోడ కట్టుకునే అడుసు తయారు. శిల్పి వేలికొనలతో మలచిన ముఖమైనా, మెట్టు రాయైనా బట్టీకి ఒకటే. సన్నని పాలరాతి విగ్రహం ఇంకా సులువుగా కాలుతుంది. మధ్యయుగపు రోమ్‌లో ఒక పేటకు సున్నం బట్టీల వల్లే "కల్కరారియో" అని పేరు వచ్చింది. ఫోరమ్‌లోనే బట్టీలు నడిచాయి. 1519 ప్రాంతంలో చిత్రకారుడు రఫాయెల్, మిత్రుడు కాస్తిల్యోనేతో కలిసి పోప్ పదవ లియోకు ఒక లేఖ రాశాడు. ఇప్పుడు కనిపించే ఈ కొత్త రోమ్ అంతా, దాని భవనాలూ చర్చిలూ అన్నీ, పాత పాలరాళ్లను కాల్చిన సున్నంతోనే కట్టారని అందులో వాపోయాడు. సెయింట్ పీటర్స్ నిర్మాణానికి తవ్వకాల్లో దొరికే రాయిని చూసుకునే బాధ్యత కూడా అంతకు ముందు 1515లో పోప్ ఆయనకే అప్పగించాడు. శాసనాలున్న రాళ్లను ఆయన అనుమతి లేకుండా చెక్కకూడదన్నది కూడా ఆ ఉత్తర్వులో భాగమే. వాడుకోవడమూ కాపాడటమూ ఒకే మనిషి చేతిలో పెట్టారు. ఆ లేఖలోని దుఃఖం నాకు నిజమైనదిగానే అనిపిస్తుంది.

తెలుగువాళ్లకు ఇది దూరపు కథేమీ కాదు. అమరావతి స్తూపానికి జరిగింది అచ్చంగా ఇదే. 18వ శతాబ్దం చివర్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిని రాజధానిగా కట్టుకుంటున్నప్పుడు, జనం దీపాలదిన్నె అని పిలుచుకునే మెరకను రాయి కోసం తవ్వారు. ఆ మెరకే స్తూపం. చెక్కడపు పలకలు కొన్ని కొత్త కట్టడాల్లోకి వెళ్లాయి, కొన్ని సున్నమయ్యాయి. ఆ శతాబ్దం ముగిసేలోగా వచ్చి చూసిన కాలిన్ మెకంజీ 1816లో మళ్లీ వచ్చేసరికి దిబ్బ నడిమధ్య నీళ్ల గుంత కోసం తవ్వేసి ఉంది. మిగిలిన శిల్పాల్లో చాలా భాగం నేడు చెన్నై, లండన్ మ్యూజియాల్లో ఉన్నాయి. బ్రిటిష్ మ్యూజియంలో ఆ పలకల ముందు నిలబడినప్పుడు కలిగిన బాధే ఫోరమ్‌లో, ఖాళీ పీఠాల ముందు నిలబడినప్పుడు నాకు మళ్లీ కలిగింది. అక్కడా ఇక్కడా రాయి అవసరమైనవాడికి చెక్కడం కనబడలేదు.

ఈ సంగతి తెలిశాక ఫోరమ్‌లో ఇంకో చిక్కు విడిపోతుంది. "ఇటుకల నగరాన్ని అందుకున్నాను, పాలరాతి నగరాన్ని అప్పగిస్తున్నాను" అని ఆగస్టస్ గొప్పగా చెప్పుకున్నాడని చరిత్రకారుడు సుటోనియస్ రాశాడు. మరి నేడు వెళ్లినవాడికి కనిపించేది ఎటు చూసినా ఎర్ర ఇటుక. ఆ ఇటుక ఆగస్టస్ అన్న ఇటుక కాదు, ఆయన అన్నది ఎండబెట్టిన పచ్చి ఇటుక. మనకు కనిపించే కాల్చిన ఇటుకలో చాలా భాగం ఆయన తర్వాతి చక్రవర్తులది, అదీ గోడ లోపలి పని. అగ్నిపర్వత బూడిద, సున్నం, రాతిముక్కలు కలిపిన రోమన్ కాంక్రీటు మధ్యలో. దానికి అటూ ఇటూ ఇటుక తొడుగు. ఆ పైన పాలరాతి తాపడం. తాపడం వేసిన పలకలు సన్నగా, ఊడదీయడానికి అనువుగా ఉంటాయి. ముందు అవే పోయాయి. కాంక్రీటుతో కలిసిపోయిన ఇటుకను పీకడం కష్టం, పీకినా పెద్ద ధర పలకదు. అందుకే అది మిగిలింది. ఇటుక గోడ ముందు నిలబడినప్పుడు దాని మీద సన్నని చిల్లులు వరసగా ఉంటే గమనించండి. పాలరాతి పలకలను పట్టి ఉంచిన కొక్కేలు ఉండేది ఆ చిల్లుల్లోనే.

ఇటుకలను చిన్నచూపు చూడకండి. వాటి మీద ముద్రలుంటాయి. తయారుచేసిన బట్టీ, యజమాని పేరు, కొన్నిసార్లు ఆ ఏటి కాన్సుళ్ల (ఏటా మారే అత్యున్నత అధికారుల) పేర్లు. క్రీ.శ. 123 నాటి కాన్సుళ్ల పేర్లున్న ఇటుకలు లెక్కలేనన్ని దొరికాయి. పాంథియాన్ నుదుట ఇప్పటికీ "మార్కస్ అగ్రిప్పా కట్టించాడు" అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. అగ్రిప్పా ఆగస్టస్ అల్లుడు. శతాబ్దాల తరబడి జనం ఆ రాతనే నమ్మారు. 19వ శతాబ్దం చివర్లో గోడల లోపలి ఇటుకల ముద్రలు చూస్తే అవి అగ్రిప్పా తర్వాత నూరేళ్లకు పైగా గడిచాక, చక్రవర్తులు ట్రాజన్, హేడ్రియన్‌ల కాలంలో కాల్చినవని తేలింది. అగ్రిప్పా గుడి కాలిపోయాక కొత్తది కట్టి, పాత పేరే మళ్లీ చెక్కించారు. నుదుటి మీది శాసనం కన్నా గోడ లోపలి ఇటుక సాక్ష్యమే బలంగా నిలిచింది.

కొలోసియం గురించి అందరూ రాస్తారు కాబట్టి నేను రెండు మాటలతో సరిపెడతాను. దాని గోడ నిండా మశూచి మచ్చల్లా గుంతలు ఉంటాయి. తూటాల దెబ్బలేమో అనుకున్నాను మొదట. రాతి దిమ్మెలను ఒకదానికొకటి బిగించడానికి లోపల ఇనుప కట్లు వేశారు, మొత్తం 300 టన్నుల దాకా ఉంటాయని అంచనా. ఇనుము కరువైన మధ్యయుగంలో జనం రాయిని తొలిచి వాటిని పీకి కరిగించుకున్నారు. 1349 భూకంపానికి దక్షిణం వైపు బయటి వలయం కూలింది. ఆ కూలిన రాళ్ల గుట్ట తర్వాతి శతాబ్దాలకు క్వారీ అయింది. 1452లో ఒక్క కాంట్రాక్టరే తొమ్మిది నెలల్లో 2,522 బండ్ల రాయి తోలుకెళ్లాడని లెక్కల పుస్తకం చెబుతోంది. 18వ శతాబ్దంలో పోప్ పద్నాలుగవ బెనెడిక్ట్ ఆ చోటును క్రైస్తవ అమరుల స్మారకంగా ప్రకటించాకే ఈ పని ఆగింది.

ఈ మాట మిగతా ప్రశ్నకు కూడా జవాబు ఇస్తుంది. ఏవి మిగిలాయి? ఎవరికో ఒకరికి రోజూ పనికొచ్చినవి. ఫోరమ్ నడిబొడ్డున నిండుగా నాలుగు గోడలతో, కప్పుతో నిలబడ్డ సెనేట్ మందిరం క్యూరియాను చూడండి. సీజర్ మొదలుపెట్టాడు, ఆగస్టస్ పూర్తిచేశాడు, 283 అగ్నిప్రమాదం తర్వాత డయోక్లీషియన్ మళ్లీ కట్టించాడు. 630లో పోప్ ఒనోరియస్ దాన్ని చర్చిగా మార్చాడు. అంతే, అది బతికిపోయింది. ఏటా ఎవరో ఒకరు కప్పు చూసుకున్నారు, గోడకు సున్నం వేశారు. దాని కంచు తలుపులను మాత్రం 1660లో లాటెరన్ పెద్ద చర్చికి తరలించారు. అవి నేటికీ అక్కడున్నాయి, క్యూరియాకు ఉన్నవి నకళ్లు. పాంథియాన్ 609లో చర్చి అయింది, అందుకే 43 మీటర్ల గుమ్మటం చెక్కుచెదరలేదు. అలాగని చర్చి కావడం పూర్తి రక్షణ కూడా ఇవ్వలేదు. 663లో వచ్చిన బైజాంటిన్ చక్రవర్తి కప్పు మీది కంచు రేకులు ఊడదీయించాడు. 17వ శతాబ్దంలో బార్బెరీనీ వంశానికి చెందిన పోప్ ఎనిమిదవ అర్బన్ ముందు మండపంలోని కంచు దూలాలు కరిగించాడు. "బార్బేరియన్లు (అనాగరికులు) చేయనిది బార్బెరీనీలు చేశారు" అని ఊరు ఆనాడే అనుకుంది.

పొరపాటు కూడా కాపాడింది ఒకసారి. కాపిటలైన్ కొండ మీద గుర్రమెక్కిన మార్కస్ ఆరీలియస్ కంచు విగ్రహం ఉంది (చౌకులో ఉన్నది నకలు, అసలుది పక్కన మ్యూజియంలో). ఆ కాలపు కంచు విగ్రహాలు దాదాపు అన్నీ కొలిమి పాలయ్యాయి. ఇది దక్కింది ఎందుకంటే, జనం ఆ రౌతు మొదటి క్రైస్తవ చక్రవర్తి కాన్‌స్టాంటైన్ అనుకున్నారు.

పాత రాయిని తీసి కొత్తదానికి వాడటం అన్నది పతనం తర్వాత పుట్టిన దురలవాటు అనుకుంటే అదీ తప్పే. కొలోసియం పక్కనున్న కాన్‌స్టాంటైన్ తోరణం 315 నాటిది. దాని మీది శిల్పాల్లో మంచివన్నీ అంతకు ముందరివే. వేట దృశ్యాల గుండ్రటి పతకాలు హేడ్రియన్ కాలం నాటివి, పైన నిలబడ్డ డేసియా దేశపు బందీలు ట్రాజన్ కాలం నాటివారు, దీర్ఘచతురస్రపు పలకలు మార్కస్ ఆరీలియస్‌వి. పాత చక్రవర్తుల ముఖాలను చాలాచోట్ల తిరిగి చెక్కారు. ఫోరమ్ పడమటి చివరన శాటర్న్ గుడి ఎనిమిది స్తంభాలకూ రెండు రంగుల గ్రానైట్, పాదపీఠాలు ఒకదానితో ఒకటి పొసగవు. అగ్నికి ఆహుతైనదాన్ని సెనేటూ ప్రజలూ తిరిగి నిలబెట్టారని దాని నుదుట రాసి ఉంది. 4వ శతాబ్దంలో, దొరికిన రాయితో నిలబెట్టారు. ఆ పొసగని పీఠాలను చూసినప్పుడు నాకు వాళ్ల మీద గౌరవం కలుగుతుంది. చేతిలో ఉన్నదాంతోనే చేశారు, కానీ వదిలేయలేదు.

ఇక చివరి చిక్కు: మనం చూస్తున్నదంతా పాతదేనా? కాదు. శిథిలాన్ని కూడా ఒకరు ఒక రూపానికి తెచ్చారు. 1898 నుంచి ఫోరమ్‌ను తవ్విన జాకొమో బోని పొరలు పొరలుగా జాగ్రత్తగా తవ్వడం తెలిసినవాడు. మరుసటి ఏడే నల్లరాయి అనే పురాతన స్థలాన్నీ, దాని కింద క్రీ.పూ. 6వ శతాబ్దపు లాటిన్ శాసనాన్నీ బయటికి తీశాడు. ఆ బోనియే 1900లో ఒక పెద్ద చర్చిని పూర్తిగా కూల్పించి, దాని కింద 9వ శతాబ్దం నుంచి పూడిపోయి ఉన్న సాంటా మరియా అంటీక్వాను, దాని అపురూప కుడ్యచిత్రాలను వెలికితీశాడు. 1930లలో క్యూరియాను మళ్లీ రోమన్ మందిరంలా చేయడానికి లోపలి బరోక్ అనే ఆడంబర శైలి చర్చి అలంకారాన్ని ఒలిచేశారు. వెయ్యేళ్లకు పైగా దాన్ని నిలబెట్టింది చర్చి. తన పని అయ్యాక చర్చినే తొలగించారు. అడుగున డయోక్లీషియన్ కాలపు రంగురాళ్ల నేల అద్భుతంగా బయటపడ్డ మాట నిజమే. అయినా ఆ ఖాళీ గోడల మధ్య నిలబడితే ఏదో పోయిందనే అనిపిస్తుంది నాకు.

వెస్టా గుడిలో నిలబడ్డ ఆ తెల్లటి వంపు భాగం 1930లో తిరిగి నిలబెట్టినది. అందులో కొద్ది ముక్కలే పాతవి. ఫోరమ్ పక్కనుంచి కొలోసియం దాకా సూటిగా పోయే వెడల్పాటి రోడ్డు 1932లో ముసోలినీ సైనిక కవాతుల కోసం వేయించాడు. దానికోసం ఒక పేట మొత్తం కూల్చారు, వేలియా అనే చిన్న కొండనే తొలిచేశారు, అప్పుడే తవ్వితీసిన చక్రవర్తుల ఫోరమ్‌లలో చాలా భాగాన్ని మళ్లీ రోడ్డు కింద కప్పేశారు. అక్కడ సెల్ఫీ తీసుకునేటప్పుడు వెనక కనిపించే ఆ గొప్ప దృశ్యం వయసు వందేళ్లు కూడా లేదు.

పునరుద్ధరణలో నాకు అన్నిటికన్నా నచ్చింది టైటస్ తోరణం. మధ్యయుగంలో అది ఒక కోటలో భాగమైపోయింది, అంచులు పోయాయి. 1820ల మొదట్లో వాస్తుశిల్పి జుసెప్పె వలదియే దాన్ని నిలబెడుతూ పాతది ఎక్కడ ముగిసిందో అక్కడి నుంచి పాలరాయికి బదులు ట్రావెర్టిన్ అనే వేరే రాయి వాడాడు, అలంకారం చెక్కలేదు. దూరం నుంచి తోరణం నిండుగా ఉంటుంది, దగ్గరికి వెళితే ఏది 1వ శతాబ్దమో ఏది 19వ శతాబ్దమో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. మన దగ్గర పాత గుళ్లకు సిమెంటు పూసి రంగులేసేవాళ్లు ఒక్కసారి అక్కడికి వెళ్లి చూడాలని మనసారా కోరుకుంటాను.

ఇన్ని రాళ్ల మధ్య మన దేశపు వాసన కూడా ఉంది. మాక్సెంటియస్ బసిలికా అనే సభామందిరం మూడు పెద్ద కమానుల అడుగున, 1వ శతాబ్దం చివర్లో డొమీషియన్ కట్టించిన గోదాములు ఉండేవి. పేరు హొర్రెయా పిపెరటారియా, అంటే మిరియాల గోదాములు. మలబారు తీరంలో ఎక్కిన మిరియాలు ఎర్రసముద్రం, అలెగ్జాండ్రియా మీదుగా ఇక్కడికి చేరేవి. ఆ కాలపు రచయిత ప్లినీ ధరలు రాసి పెట్టాడు: నల్లమిరియాలు పౌండు నాలుగు దినారియస్‌లు (వెండి నాణేలు), పిప్పళ్లు పదిహేను. అందుకు బదులుగా ఇటు వచ్చిన వెండి నాణేల్లో కొన్ని మన నేలలోనే ఉండిపోయాయి. నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో వెయ్యికి పైగా దొరికాయి, ఆగస్టస్, టిబేరియస్ ముద్రలతో. ఆ గోదాముల దగ్గర వైద్యుడు గాలెన్ తన మందులనూ పుస్తకాలనూ దాచుకున్నాడు, 192 అగ్నిప్రమాదంలో పోగొట్టుకున్నాడు. ఆ పక్కనే 6వ శతాబ్దంలో వెలసిన చర్చి కోస్మా, దమియానో అనే వైద్య సోదరులది. డబ్బు తీసుకోకుండా వైద్యం చేశారని వాళ్లకు పేరు. దాని పక్కదే మొదట చెప్పిన గాలిలో తలుపు, మందుల వర్తకుల చర్చి. కాస్త దూరంలోనే మిరియాలు, వైద్యుడు, వైద్య సోదరులు, మందుల దుకాణదారులు.

వెళ్లేవాళ్లకు కొన్ని మాటలు. నేరుగా ఫోరమ్‌లోకి దూరకండి. ముందు కాపిటలైన్ కొండ ఎక్కి, అక్కడి నగర సభ భవనం పక్కసందు చివరి నుంచి మొత్తం పల్లాన్ని పైనుంచి చూడండి, టికెట్ అక్కర్లేదు. వేసవిలో లోపల నీడ దాదాపు ఉండదు, పొద్దున్నే వెళ్లండి. నల్లటి పాత రోడ్డు రాళ్లు ఎగుడుదిగుడుగా ఉంటాయి, పెద్దవాళ్లతో వెళితే చెప్పులు వద్దు, పట్టున్న బూట్లు వేసుకోమనండి. ఊరంతా "నసోనె" అనే ఇనుప కుళాయిల్లో మంచినీళ్లు ధారగా వస్తుంటాయి, సీసా ఉంటే చాలు. అన్నీ చూడాలనుకోకండి. నాలుగు కట్టడాలు ఎంచుకుని ఒక్కోదాని ముందు పావుగంట నిలబడితే మేలు.

ఆ నాలుగింటిలో ఒకటి తప్పకుండా రోములస్ గుడి అనే గుండ్రటి మందిరం కావాలి. దాని కంచు తలుపులు 4వ శతాబ్దం మొదట్లో పెట్టినవి, పదిహేడు వందల ఏళ్లుగా అదే కట్టడానికి ఉన్నాయి. తాళం ఇప్పటికీ పనిచేస్తుంది. అవి కొలిమికి పోలేదు, ఎందుకంటే 527 ప్రాంతంలో ఆ మందిరం కోస్మా దమియానో చర్చికి ముఖద్వారమైంది. ఫోరమ్ వైపు నుంచి ఆ తలుపులు చూడండి. తర్వాత బయటికి వచ్చి, ముసోలినీ రోడ్డు మీదుగా చుట్టూ తిరిగి, అదే చర్చిలోకి వెళ్లండి. లోపల గోడ వంపు మీద 6వ శతాబ్దపు మొజాయిక్, నీలి ఆకాశంలో ఎర్రమబ్బుల మీద దిగివస్తున్న క్రీస్తు. అది ఉండాల్సిన దానికన్నా మీకు చాలా దగ్గరగా అనిపిస్తుంది. 1632లో తేమ పడలేక చర్చి నేలను ఏడు మీటర్లు పైకి లేపారు. వెనక్కి తిరిగితే పెద్ద అద్దపు గోడ ఉంటుంది. అందులోంచి కిందికి చూస్తే చీకటిలో ఆ గుండ్రటి మందిరం, అడుగున పాత నేల, ఎదురుగా ఇందాక ఎండలో బయటి నుంచి చూసిన కంచు తలుపుల లోపలి వైపు.